వ్రాసుకొన్న అంకె

మా వీథిలో చాలకాలము ఒక జీవితబీమా ఏజెంటుగారు కాపురముండెడివారు. ఏటేట జనవరి మాసారంభమున ఆయనకు, అట్టపై బంగారు రంగు అక్షరములు ముద్రించిన పెద్ద డైరీ ఒకటి కానుకగా వచ్చెడిది. దానికి నాలుగు మూలల పసుపు పూసి, మొదటి పుటపై శ్రీకారము చుట్టి, దాని క్రింద ఆ సంవత్సరమున తాము చేయింపదలచిన పాలసీల సంఖ్యను గుండ్రని చేవ్రాతతో వ్రాసి, ఆయన ఆ డైరీని దేవుని గూటిలో పటముల వెనుక నిలిపెడివారు. తరువాత డిసెంబరు దాక దానిని ఎవ్వరును తెరచి యెరుగరు. ఇదిగాక ఆయన చొక్కా జేబులో అరచేయంత పుస్తకము మరియొకటి ఉండెడిది. చెమటకు తడిసి, అట్ట యూడి, రబ్బరు బందుతో బిగింపబడిన ఆ పుస్తకమున ఆ దినము ఎవరి గడప త్రొక్కినది, ఎవరు ఇంట లేనిది, ఎవరు 'వచ్చే నెల చూద్దాం' అన్నది, ఏ యింటి పిల్లకు ఎప్పుడు పెండ్లి కానున్నది పెన్సిలుతో గీకి యుండెడిది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పని చేయుచున్నదని నేనొకమారు పరిహాసమునకు అడిగితిని. ఆయన నవ్వి, "పెద్దది దేవుడికండీ, చిన్నది నాకు" అనిరి.

మాట హాస్యమునకు అన్నదే. అయినను, అమ్మకపు వృత్తిలో లక్ష్యమును కాగితముపై పెట్టుట వలన ప్రయోజనము కలదా, కలిగినచో అది ఏ మార్గమున కలుగుచున్నది అను ప్రశ్నను పట్టుకొని మనశ్శాస్త్రజ్ఞులు దాదాపు తొంబది యేండ్లుగా చేయుచున్న పరిశోధన అంతయు ఆ రెండు డైరీల నడుమ నున్న దూరమును కొలుచుటయే అని నా అభిప్రాయము.

ముందుగా ఒక కట్టుకథను త్రోవనుండి తొలగింపవలసి యున్నది. అమ్మకందారుల శిక్షణ సభలకు ఒక్కమారైనను వెళ్ళినవారు దీనిని వినియే యుందురు: అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 1953లో పట్టము పుచ్చుకొన్న విద్యార్థులలో నూటికి ముగ్గురు మాత్రమే తమ జీవితలక్ష్యములను వ్రాసిపెట్టుకొనిరట, ఇరువది యేండ్లు గడచిన పిమ్మట విచారింపగా ఆ ముగ్గురి ఆస్తి తక్కిన తొంబదియేడుగురి ఆస్తిని మించియుండెనట. కొందరు వక్తలు యేల్ పేరు తీసి హార్వర్డు పేరు పెట్టుదురు. ఊరు మారినంత మాత్రమున కథకు రుచి చెడదు గదా. 1996లో ఫాస్ట్ కంపెనీ అను అమెరికన్ పత్రిక ఈ పరిశోధన మూలమును వెదుకబోగా, దానిని వేదికలపై చెప్పుచు పేరు గడించిన వక్తలు ఒకరి వైపు ఒకరు వ్రేలు చూపిరేగాని, అసలు కాగితము ఎవరి చేతను లేకపోయెను. అట్టి పరిశోధన జరిగిన దాఖలా ఏదియు తమ యొద్ద లేదని విశ్వవిద్యాలయము వారును చెప్పిరి. అబద్ధమని తేలిన తరువాతను ఆ కథ చావలేదు. ఏలయన అది వినువానికి మిక్కిలి చవకగా ఒక వరము నిచ్చుచున్నది. ఒక కాగితము, ఒక కలము, అయిదు నిమిషముల తీరిక. తక్కినది కాలమే చూచుకొనును! దేవుని గూటిలోని డైరీకి ఇంతకంటె గొప్ప శాస్త్రాధారము దొరకదు.

వ్రాత నిజముగా పని చేసిన చోటు చూడవలెనన్నచో కొంత వెనుకకు, ఫిలడెల్ఫియా నగరమునకు, పోవలెను. ముద్రాపకుడును, విద్యుచ్ఛక్తి శోధకుడును, రాజనీతివేత్తయునైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ యౌవనమున తన నడవడిని చక్కదిద్దుకొనవలెనని సంకల్పించి, మితాహారము, మౌనము, క్రమము, పొదుపు మొదలుగాగల 13 గుణముల పట్టిక వేసికొనెను. ఇంతవరకు ఇదియు పెద్ద డైరీయే. అయితే అతడు అక్కడ ఆగలేదు. చిన్న పుస్తకమొకటి చేసికొని, గుణమునకొక పుట కేటాయించి, ప్రతి పుటయందును ఎఱ్ఱసిరాతో వారమునకు ఏడు నిలువుగళ్ళు గీచి, రాత్రి కాగానే ఆ దినమున తాను తప్పిన గుణమున కెదురుగా ఒక నల్లచుక్క పెట్టుచు వచ్చెను. వారమునకొక గుణముపై గట్టి దృష్టి; 13 వారములకొక ఆవృత్తి; ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పాత చుక్కలను గీకివేసి క్రొత్త చుక్కలకు చోటు చేయగా చేయగా కాగితము చిల్లులు పడెనట. అప్పుడతడు తడిపి తుడిచినచో గుర్తులు పోవునట్లు దంతపు రేకులపై గళ్ళు గీచికొనెను. క్రమమను గుణము మాత్రము తనకు కడదాక పట్టుపడలేదని అతడే ఒప్పుకొనెను. సంకల్పము వ్రాసిన కాగితము చిల్లులు పడదు. పద్దు వ్రాసిన కాగితమే పడును.

అదే ఫిలడెల్ఫియాలో, ఫ్రాంక్లిన్ గతించిన శతాబ్దమునకు పైబడిన తరువాత, ఫ్రాంక్ బెట్గర్ అనునొక యువకుడు సైకిలుపై ఇల్లిల్లు తిరిగి, గృహోపకరణముల దుకాణమునకు రావలసిన వాయిదా సొమ్ము వసూలు చేయుచుండెను. అంతకు పూర్వమతడు బేస్‌బాల్ ఆటగాడు. 1910లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టున ఆడి, చేయి విరిగి, ఆట మానవలసి వచ్చినవాడు. వసూళ్ళు విడిచి బీమా అమ్మకమునకు దిగగా మొదటి నెలలలో ఒక్క బేరమును సరిగా కుదరలేదు. ఈ పని నా వల్ల కాదని మానుకొనునంత వరకు వచ్చెను. పిదప ఫ్రాంక్లిన్ ఆత్మకథ చదివి, ఆ 13 గుణముల పద్ధతిని తన వృత్తికి తగినట్లు మార్చుకొని, వారమునకొక విషయము చొప్పున అభ్యసించెను. 1940 దశకపు చివర అచ్చుపడిన అతని పుస్తకము నేటికిని అమ్మకందారుల చేతులలో నలుగుచున్నది. దానిలోని ప్రబోధమంతయు అటుంచి, అతడు వ్రాసికొన్న లెక్కలను మాత్రము కొంత నిదానముగా చూడవలసి యున్నది.

ఒక పండ్రెండు నెలల కాలము అతడు ప్రతి గడపను లెక్క కట్టెను. ఎక్కిన గడపలు 1,849. అందులో మాటలాడుటకు దొరికినవారు 828 మంది. కుదిరిన పాలసీలు 65. చేతికి వచ్చిన కమీషను నాలుగువేల రెండువందల డాలర్ల పైచిలుకు. భాగించి చూచుకొనగా గడప యొక్కంటికి 2 డాలర్ల 30 సెంట్లు వచ్చినవి! అనగా లోపలినుండి ఎవరైన కసరి తలుపు మూసినను, ఆ తలుపు తట్టినందుకే అతని జేబులో 2 డాలర్ల 30 సెంట్లు పడినట్లే లెక్క. కాదన్నమాట విన్నప్పుడెల్ల కడుపులో దేవినట్లుండువానికి ఈ భాగహారము చేయు ఉపకారము ఏ వేదాంతమును చేయలేదు. 'ఈ యేడు 65 పాలసీలు చేయుదును' అని అతడు ముందే వ్రాసిపెట్టుకొని యుండినచో ప్రతి నిరాకరణమును ఆ 65 నుండి ఒకటి తగ్గించునట్లు తోచెడిది. గడపలను వ్రాసికొనుట చేత ప్రతి నిరాకరణమును 1,849లో ఒకటి కలిపినట్లయ్యెను.

లెక్క అంతటితో నిలువలేదు. మరల తిరుగవేయగా, కుదిరిన బేరములలో నూటికి 70 మొదటి సమావేశముననే కుదిరినవనియు, 23 రెండవమారు పోయినప్పుడు కుదిరినవనియు, మూడవమారును అటుపైనను పోగా కుదిరినవి 7 మాత్రమేననియు తేలెను. ఆ ఏడింటికొరకు అతడు తన కాలములో సగమును వ్యయపరచుచుండెను. మూడవమారు పోవుట మానివేసి ఆ కాలమును క్రొత్త గడపలకు మళ్ళింపగా, అప్పటికి 2 డాలర్ల 80 సెంట్లకు చేరియున్న గడప విలువ 4 డాలర్ల 27 సెంట్లకు పెరిగినదని అతడు చెప్పుకొనెను. అమ్మకందారుడు తన్ను గూర్చి తాను వ్రాసికొన్న పుస్తకమును శాస్త్రప్రమాణముగా గైకొనరాదని నేనెరుగనివాడను కాను. ఒక మనిషి, ఒక నగరము, ఒక కాలము. కాని ఇక్కడ గమనింపవలసినది ఫలితము కాదు, ఫలితమునకు దారి చూపినదేది అనునది. ఆ 7 శాతమును ఏ సంకల్పమును అతనికి చూపియుండదు. చిట్టా తిరగవేసినవానికే అది కనబడినది.

బెట్గరు తన అంకెను తాను వ్రాసికొన్నవాడు. ఒకరు వ్రాసి చేతికిచ్చిన అంకె ఈ వృత్తిలో అంతకంటె ముందే పుట్టినది. 1884లో ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణమున నగదు యంత్రముల కంపెనీని చేపట్టిన జాన్ హెచ్. ప్యాటర్సన్ ప్రతి అమ్మకందారునకును ఒక హద్దు గల ప్రాంతమును, ఆ ప్రాంతమునకొక కోటాను ఏర్పరచి, కోటా నింపినవారిని ఒక ప్రత్యేక క్లబ్బున చేర్చి సత్కరించెడివాడు. అతని యొద్ద పని నేర్చి, అతని చేతనే వెళ్ళగొట్టబడిన థామస్ జె. వాట్సన్ 1914లో వేరొక సంస్థకు చేరి ఈ పద్ధతినంతయు అక్కడ నాటెను; ఆ సంస్థయే 1924లో ఐబీఎం అను పేరు ధరించినది. ఈనాడు మన మందుల కంపెనీ ప్రతినిధి మొదలు బ్యాంకు గుమాస్తా దాక 'టార్గెట్' అను మాట విని గుండె దడ పెంచుకొనుటకు మూలము ఆ డేటన్ పట్టణముననే కలదు.

ఇక ప్రయోగశాలలోనికి పోవుదము. ఒక నిర్దిష్టమైన అంకెను ముందు పెట్టుకొన్నవాడు ఊరక పని చేయువానికంటె ఎక్కువ చేయునని 1935లోనే ఇంగ్లండులో సి. ఎ. మేస్ ప్రయోగములు చేసి ప్రకటించెను. అప్పటికి ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఆ దారము పట్టుకొన్నవాడు అమెరికాలో ఎడ్విన్ లాక్. 1968లో అతడు ప్రచురించిన వ్యాసము యొక్క సారము ఇంత మాత్రమే: కష్టమైనదియు స్పష్టమైనదియునగు లక్ష్యము, 'నీ శక్తికొలది చేయుము' అను ఉపదేశముకంటె ఎక్కువ పనిని రాబట్టును. వినుటకు ఇది మనకు తెలిసినట్లే యుండును గాని, నిజమునకు లోకమున తండ్రులు కొడుకులకును, యజమానులు పనివారికిని చేయు హితబోధలో ముప్పాతిక మువ్వీసము 'శక్తికొలది' చేయుమనునదే. శక్తికి కొలత ఎవడు చూచినాడు? సాయంకాలమునకు మూడు చీరలమ్మిన దుకాణపు కుఱ్ఱడును, పదమూడు అమ్మినవాడును తమ శక్తి అంతే యని ప్రమాణము చేయగలరు. ఇరువురిలో ఎవరి మాటయు అబద్ధము కాదు.

లాక్ సిద్ధాంతమును ఆరుబయట పరీక్షించినవాడు గ్యారీ లేథమ్. ఆ పరీక్ష అమ్మకమునకు సంబంధించినది కాదు, కలప లారీలది. అయినను ఈ శాస్త్రమున నాకింతకంటె ముచ్చటయైన ప్రయోగము తెలియదు. ఓక్లహోమా రాష్ట్రపు అడవులనుండి దుంగలను మిల్లుకు చేరవేయు డ్రైవర్లు, చట్టము అనుమతించిన బరువులో సుమారు 60 శాతము మాత్రమే ఎక్కించుకొని బయలుదేరుచుండిరి. సోమరితనమే కారణమనరాదు. దుంగలన్నియు ఒక పొడవువి కావు, ఒక లావువి కావు. బరువెంతయో కంటిచూపుతో అంచనా కట్టవలసినదేగాని అడవిలో తూనిక లేదు. హద్దు మించినచో జరిమానా తప్పదు. అందుచేత ఎందుకు వచ్చిన గొడవయని సగము పైన కొంత నింపి బండి కదలించెడివారు. శక్తికొలది నింపుడని ఎన్నిమారులు చెప్పినను ఆ 60 కదలలేదు. అప్పుడు పరిశోధకులు 94 శాతము అను అంకెను నిర్ణయించి, ఇది పరీక్ష మాత్రమేననియు, అందుకొనలేకపోయినచో శిక్ష లేదనియు, అందుకొన్నచో మెచ్చుకోలు తప్ప అధికముగా పైకము లేదనియు చెప్పి, ప్రతి బండి తూగిన బరువును డ్రైవరునకు తెలియజేయుచు వచ్చిరి.

మొదటి నెలలో బరువు 80 శాతమునకు ఎగబ్రాకెను. రెండవ నెలలో ఇంచుమించు 70కి దిగజారెను! ఈ దిగజారుటయే నాకీ కథలో మిక్కిలి ఇష్టమైన ఘట్టము. యజమానులు శిక్షింపమని ఇచ్చిన మాట నిజమో, ఎఱయో తేల్చుకొనుటకు డ్రైవర్లు కావలెననియే తగ్గించిరి. ఎవ్వరును ఏమియు అనలేదు. మూడవ నెలలో బరువు 90 దాటి, ఆ పిమ్మట తొమ్మిది నెలల పరీక్షాకాలము ముగియువరకును ఆ ప్రాంతముననే నిలిచెను. అదనపు లారీలు కొనకుండ కంపెనీకి మిగిలిన మొత్తము రెండున్నర లక్షల డాలర్లని లెక్క కట్టిరి. అంకె యొక్కటే ఇంత చేసినదనుట పొరపాటు. అంకె ఉన్నది, తూనిక ఉన్నది, తూనిక చీటి నాటికి నాడు డ్రైవరు చేతికి అందుచున్నది, అన్నిటికంటె మించి ఇచ్చిన మాటపై నమ్మకము కుదిరినది. మన కంపెనీల నెలసరి సమీక్షా సమావేశములలో మొదటిది మాత్రము మిక్కిలి పెద్ద అక్షరములతో తెరపై కనబడును. చివరిదానిని ఏ మేనేజరుగారును మొదటి నెలలో సంపాదింపజాలరు, రెండవ నెలలో పడిపోయిన బరువును చూచి నోరు మూసికొన్నవారికే అది దక్కును.

లాక్, లేథమ్‌లు 1990లో తమ గ్రంథమును వెలువరించునాటికి ఇట్టి పరిశోధనలు ఇంచుమించు 400 పోగైనవి. అంకె మనస్సునందు చేయు పని వీటివలన కొంత తేటపడినది. అది దృష్టిని ఒక వైపునకు త్రిప్పును, ప్రయత్నమును బిగించును, మధ్యాహ్నపు టెండలో ఇక చాలునని తోచినప్పుడు మరి రెండు వీథులు నడిపించును, పాత దారి మూసికొన్నచో క్రొత్త దారిని వెదకించును. అయితే చేయు పని చేతనైనదై యుండవలెను, లక్ష్యము తనకు సమ్మతమై యుండవలెను, ఎంత దూరము వచ్చితినో తెలియుచుండవలెను.

మరి వ్రాయుట మాటేమి? మనస్సులో పెట్టుకొన్న అంకెకును కాగితముపై పెట్టిన అంకెకును భేదము కలదా? 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు విద్యార్థులకు గీతలను చూపి వాని పొడవులను అంచనా వేయుమనిరి. కొందరు తమ అంచనాను మనస్సున నుంచుకొనిరి. కొందరు పిల్లలు ఆడుకొను మాయపలకపై, అనగా రేకు ఎత్తినంతనే వ్రాత మాయమగు పలకపై, వ్రాసి వెంటనే చెరిపివేసిరి. కొందరు కాగితముపై వ్రాసి సంతకము చేసి అప్పగించిరి. పిదప ఇతరులందరు వేరొక సమాధానము చెప్పుచున్నట్లు వినిపింపగా, మనస్సున నుంచుకొన్నవారు తమ మాటను అందరికంటె ఎక్కువగా మార్చుకొనిరి; సంతకము చేసినవారు అందరికంటె తక్కువ. విచిత్రమేమన, చెరిపివేసినవారును, తమ వ్రాతను మరి యెవ్వరును చూడకున్నను, మొదటివారికంటె గట్టిగా నిలిచిరి. ఇది గీతల పొడవును గూర్చిన పరీక్షయేగాని అమ్మకమును గూర్చినది కాదు. అయినను సోమవారమునాటి అంకెను గురువారమునాటికి 'నేనంతగా అనుకొననే లేదు' అని మెల్లగా సవరించుకొను మనస్సు నైపుణ్యము ఎరిగినవారికి, చేతివ్రాత ఎక్కడ అడ్డుపడుచున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

కాలిఫోర్నియాలోని డొమినికన్ విశ్వవిద్యాలయమున గెయిల్ మాథ్యూస్ అను ఆచార్యురాలు, యేల్ కథ కల్లయని తెలిసికొని, తానే ఒక పరిశోధన నడపినది. కడదాక నిలిచినవారు 149 మంది. లక్ష్యమును తలచుకొని ఊరకున్నవారికంటె వ్రాసికొన్నవారు ఎక్కువ సాధించిరి. వ్రాసికొని, వారము వారము ఒక స్నేహితునకు జరిగినదానిని తెలుపుచు వచ్చినవారు అందరిని మించిరి. సాధించినదెంతయో వారే మార్కులు వేసికొనిరి గావున దీనిని తక్కెడలో మరీ బరువుగా తూచరాదు. కాని కట్టుకథకు బదులుగా కనీసమొక నిజమైన లెక్క చేతికి వచ్చినది. వారము వారము స్నేహితునకు పంపు నాలుగు పంక్తులే ఆ లెక్కలో అన్నిటికంటె పైకి వచ్చినవి.

జర్మనీ దేశస్థుడైన పీటర్ గోల్విట్జర్ మరియొక మెట్టు ముందుకు పోయెను. అంకెకంటె వేళను, చోటును వ్రాయుట ఎక్కువ ఫలించునా అనునది అతని ప్రశ్న. క్రిస్మసు ముందటి సాయంకాలమును తామెట్లు గడిపినదియు పండుగ వెళ్ళిన రెండు దినములలో వ్రాసి పంపవలసినదని అతడును, సహచరి బ్రాండ్‌స్టాటరును విద్యార్థులను కోరిరి. 'పంపెదము' అని మాత్రమే అనుకొన్నవారిలో మూడవవంతు మంది పంపిరి. ఏ దినమున, ఏ వేళకు, ఏ చోట కూర్చుండి వ్రాసెదమో ముందుగ వ్రాసియిచ్చినవారిలో నూటికి డెబ్బదికి పైగా పంపిరి. ఇట్టి 94 పరిశోధనలను 2006లో గోల్విట్జర్, షీరన్‌లు కూడి లెక్కింపగా ఈ ఫలితము అన్నిటను ఇంచుమించు నిలిచినది. మన యేజెంటుగారి జేబు పుస్తకమున 'ఈ వారము పది ఇండ్లు' అని నేనెన్నడును చూడలేదు. 'బుధ 10.30, రైతుబజారు వెనక, మిషను కుట్టే ఆమె. కరెంటు ఉంటే పనిలో ఉంటుంది, పోయినప్పుడు వెళ్ళాలి' అని యుండెడిది. గోల్విట్జర్ పేరు ఆయన వినియుండరు. కరెంటు పోయిన క్షణమున ఆయన లేచి చెప్పులు తొడుగుకొనుటను మాత్రము నేను పలుమారులు చూచితిని. ఆ వేళ ఆలోచింపవలసిన పని ఆయనకు ఉండెడిది కాదు, ఆలోచన సోమవారము రాత్రియే ముగిసినది.

అంకెకు విషము కూడ కలదు. క్రొత్తగా పనిలో చేరినవానికి అది మొదటి దినముననే పెట్టదగినది కాదని 1989లో కాన్ఫర్, ఆకర్‌మన్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. విమానముల రాకపోకలను నడపు పనికి నకలైన ఆటను నేర్చుకొనుచున్న సైనికులకు ఆరంభముననే కఠినమైన అంకెను విధింపగా వారి పని బాగుపడుటకు మారు చెడిపోయినది. కొంత నేర్చిన తరువాత పెట్టిన అంకె సాయపడినది. సగము మనస్సు అంకెపైనను, సగము మనస్సు పనిపైనను ఉండువాడు రెండింటికిని చెడును. చేరిన మూడవ దినముననే నెలకు ఇన్ని అని చీటి అందుకొను కుఱ్ఱవాండ్రు ఆరునెలలు తిరుగక ముందే ఉద్యోగము మానుట చూచి, నేటి పిల్లలకు ఓర్పు లేదనువారు ఈ ప్రయోగమును ఒకమారు చదువవలెను. గడువునకు కట్టిన అంకెలు మరియొక విధమున చెరచును. ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మకముల దస్త్రములను ఇయాన్ లార్కిన్ పరిశీలింపగా, మూడు నెలల గడువు ముగియు కడపటి దినమున బేరములు పుట్టలోని చీమలవలె వెలువడినవనియు, హెచ్చు కమీషను రేటు అందుకొనుటకై అమ్మకందారులు ధరను తెగ్గోసి ఇచ్చిరనియు, దాని వలన కంపెనీ రాబడిలో 6 నుండి 8 శాతము హరించుకొనిపోయినదనియు తేలెను. ఇది 2014లో ప్రకటితమైనది. మన బీమా వీథులలో మార్చి 31 నాటి సందడిని చూచినవారికి ఇందులో వింత ఏమియు తోచదు.

అన్నిటికంటె పెద్ద గుణపాఠము వెల్స్ ఫార్గో బ్యాంకుది. ఒక్కొక్క ఖాతాదారునకు ఎనిమిది సేవలు అంటగట్టవలెనని ఆ బ్యాంకు తన ఉద్యోగులకు అంకె నిర్ణయించినది. పూటపూటకును శాఖలనుండి లెక్క అడిగినది. అంకె స్పష్టమైనదే, కఠినమైనదే, లెక్కయు అందుచున్నదే! లాక్ సిద్ధాంతమున చెప్పినవన్నియు పైకి ఉన్నట్లే యున్నవి. ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండ వారి పేర ఖాతాలు తెరవసాగిరి. 2016లో ప్రభుత్వము విధించిన జరిమానా 18 కోట్ల 50 లక్షల డాలర్లు. పని పోయిన ఉద్యోగులు సుమారు 5,300 మంది. దొంగ ఖాతాలు తొలి అంచనా ప్రకారము 20 లక్షలు, బ్యాంకు తానే మరల తరచి చూడగా 35 లక్షల వరకు కావచ్చునని తేలినవి. ఓక్లహోమా డ్రైవర్లకు రెండవ నెలలో బరువు తగ్గించి చూచుటకు వీలు కలిగినది. ఈ గుమాస్తాలకు ఆ వీలు లేకపోయినది. తూనిక అబద్ధమాడదు గనుక లారీలో దొంగదుంగ ఎక్కించుటకు సాధ్యము కాదు; దొంగఖాతా తెరచుటకు మీట యొక్కటి నొక్కినచో చాలును. ఏ అంకెను వ్రాయింపబోవు యజమానియు ముందుగా తన తూనికను మోసగించుట ఎంత సులభమో విచారించుకొనవలెనని నాకు తోచుచున్నది.

మొన్న సంక్రాంతికి నేను ఆ యేజెంటుగారి ఇంటికి పోయితిని. ఆయన పని మానుకొని అయిదారేండ్లయినది. ఒకప్పుడు దేవుని గూటిలో నుండిన పెద్ద డైరీలను మనుమలు ముందువేసికొని ఎక్కములును, లెక్కలును చేయుచుండిరి. మొదటి పుట తప్ప తక్కిన దంతయు తెల్లకాగితమే గనుక పిల్లలకు బాగుగ పనికివచ్చినవి. చిన్న పుస్తకములను చూపుడని అడుగగా, ఆయన ట్రంకుపెట్టె తెరచి, రబ్బరు బందులతో కట్టలు కట్టియుంచిన వానిలోనుండి ఒకటి తీసి నా చేతికిచ్చిరి. ఒక పుటలో ఒక హెడ్‌మాస్టరుగారి పేరు, దాని క్రింద వరుసగా తేదీలు: 'కాఫీ'. 'కాఫీ'. 'ఊళ్ళో లేరు'. 'అమ్మాయి నిశ్చితార్థం, ఇప్పుడు కాదు'. అయిదవ తేదీ కెదురుగా ఒక అడ్డగీత, దాని ప్రక్కన ప్రపోజలు నంబరు.

నేను బెట్గరు లెక్క చెప్పి, మూడవమారు మొదలు పోవుట వ్యర్థమని అతడు తేల్చెను గదా యని అంటిని. ఆయన కొంతసేపు పుటలు త్రిప్పి, అక్కడక్కడ వ్రేలుంచి లెక్కపెట్టి, "మావాళ్ళు నాలుగూ అయిదూ మాట్లే ఎక్కువండీ. మొదటిసారే పాలసీ సంగతి ఎత్తితే కుర్చీ కూడా వెయ్యరు" అనిరి. తరువాత పుస్తకమునకు రబ్బరు బందు మరల తగిలించుచు, "ఆయనగారి ఊళ్ళో ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వరేమో" అనిరి.